రెక్క పైవైపు

చినిగిన గుడ్డ గాలికి కొట్టుకుంటే ఒక తరహా చప్పుడు వస్తుంది. తడి దుప్పటి దులిపినట్టు టపటపమంటుంది. కుట్టు షెడ్డులో దారానికి మైనం పూస్తూ కూర్చున్న సూదక్క ఆ చప్పుడు విని చెయ్యి ఆపేసింది. ఇంజిను ఆగింది. చక్రాల దొర్లుడూ ఆగింది. టపటప మాత్రం గాలి వీచినప్పుడల్లా వినిపిస్తూనే ఉంది.

బయటికి వచ్చి చూసింది. ఉన్న రెండు విమానాల్లో చిన్నది మైదానం చివర, మడమ బెణికిన మనిషిలా ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంది. దిగేటప్పుడు కంచె తీగ గీరుకున్నట్టుంది, ఎడమ రెక్క కింది గుడ్డ బారెడు మేర చీలి వేలాడుతోంది. లోపలి చెక్క బద్దలు పక్కటెముకల్లా బయటపడ్డాయి.

"అలా చూస్తావేంటక్కా, నీకు పని పట్టుకొచ్చాను," అన్నాడు కెప్టెన్ కిందికి దూకుతూ. నవ్వుతున్నాడు గానీ పెదాలు పాలిపోయి ఉన్నాయి. "రెండు రోజుల్లో అయిపోవాలి."

పెద్దమేస్త్రీ అప్పటికే ఆయాసపడుతూ వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని రెక్క కిందికి దూరి చూశాడు. "రెండు రోజులంటే ఎలా సార్? ఇదేమన్నా చొక్కా చిరుగా?"

"నాకు తెలీదు మేస్త్రీ. వాగు పొంగి దారి తెగిపోయింది. అవతల ఠాణాలో సగంమంది జ్వరాలతో పడున్నారు. పొద్దున్నా సాయంత్రం పెద్దదే తిరుగుతోంది. దాన్ని కూడా కాస్త ఊపిరి పీల్చుకోనివ్వాలి కదా."

అవి బాంబులు వేసే విమానాలు కావు. ఇద్దరు పట్టే బుల్లి విమానాలు. ముందు నడిపేవాడు, వెనక చూసేవాడు. ఇనప గొట్టాలు, చెక్క బద్దలు, వాటి మీద బిగించి కుట్టిన నూలు గుడ్డ, అంతే సరుకు. కొండకి అవతల వాగు ఒడ్డున ఉన్న సైనిక ఠాణాకి ఉత్తరాల సంచులూ మందులూ జారవిడవడం, దారిలో ఎవరు ఎటు కదులుతున్నారో పైనించి చూసి వచ్చి చెప్పడం, అవసరమైతే ఒక అధికారిని ఎక్కించుకుని వెళ్ళి దింపి రావడం వాటి ఉద్యోగం. వాటికి గుడ్డ కుట్టడం సూదక్క ఉద్యోగం. ఆ మైదానంలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కుర్ర సిపాయి దగ్గర్నించి, వయసులో ఆమెకి తండ్రిలాంటి మేస్త్రీ దాకా అందరికీ ఆమె సూదక్కే.

కొట్టుగదిలో గుడ్డ చుట్ట ఒక్కటే మిగిలింది. అది బ్యాటరీలు పెట్టే అర కింద నిలబెట్టి ఉంది. అక్కడ ఎవరు పెట్టారో, ఎన్నాళ్ళనించి ఉందో అడిగితే ప్రతివాడూ పక్కవాడి వంక చూశాడు. సూదక్క దాన్ని బల్ల మీద దొర్లించి విప్పింది. చుట్టు చుట్టుకీ ఒకే చోట అరచేతి వెడల్పున పసుపుపచ్చ మరక. లోపలికి పోయేకొద్దీ పలచబడింది. ఇంకొన్ని చుట్లు విప్పాక మాయమైంది.

మరక ఉన్నచోట ఒక పోగు లాగి రెండు చేతులా పట్టుకుని గుంజింది. పుటుక్కున తెగిపోయింది. తెల్లగా ఉన్న లోపలి గుడ్డలోంచి ఇంకో పోగు లాగింది. అదీ తెగింది. కాకపోతే కాస్త బెట్టు చేసి తెగింది. మంచి పోగు ఇంత తేలిగ్గా తెగుతుందా? లేక తన భయమే చేతుల్లోకి దిగి గట్టిగా లాగించిందా? ఇంకోటి లాగింది. ఈసారి తెగలేదు. అది మరీ అయోమయంగా ఉంది.

"బ్యాటరీ ఆవిరి తగిలి ఉంటుంది," అన్నాడు మేస్త్రీ, మరకని గోటితో గీకి వాసన చూసి. "పచ్చగా ఉన్నంత మేరా కోసి పారెయ్. లోపల మల్లెపువ్వులా ఉంది కదా."

"కనిపించకపోతే లేనట్టేనా మేస్త్రీగారూ?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "కొత్త చుట్ట రావాలంటే దారి తెరుచుకోవాలి. దారి తెరుచుకుంటే ఇంత తొందరే ఉండదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఆమె మింగలేక కక్కలేక కత్తెర అందుకుంది.

మర్నాడు పొద్దున్నే రెక్కని ఊడదీసి, షెడ్డు మధ్యలో రెండు చెక్క స్టాండ్ల మీద అంచు కిందికి వచ్చేట్టు గోడలా నిలబెట్టారు. ఇటుపక్క సూదక్క, అటుపక్క తమ్ముడు. అతను ఇంజిన్ మెకానిక్కే గానీ రెక్క కుట్టే రోజున అక్క దగ్గరికి వచ్చేస్తాడు. మూరెడు సూదిని ఆమె ఇటునించి బద్ద పక్కగా గుచ్చితే అతను అటుపక్క అందుకుని, బద్దకి రెండో పక్కనించి తిరిగి ఇటు పంపాలి. వచ్చిన సూదిని ఆమె లాగి, ముడి వేసి, బొటనవేలితో ముడిని నొక్కి మళ్ళీ గుచ్చుతుంది. మధ్యలో గుడ్డ. ఒకరికొకరు కనిపించరు. మాటలు మాత్రం వినిపిస్తాయి.

"ఏంటక్కా ఇవాళ నత్తనడక? నా చెయ్యి ఇక్కడ అడుక్కునేవాడి చెయ్యిలా చాపుకుని ఉంది."

"తొందరైతే నువ్వే ముడి వెయ్యి."

"నేను వేస్తే ఇంకేమన్నా ఉందా! ఆకాశంలో విప్పుకుంటాయి."

సూది సగంలో ఆగిపోయింది.

"ఒరే, ఆ మాటలు అనకు."

"సరే, అననులే. పంపు."

సూది అటు వెళ్ళింది. ఇటు వచ్చింది. ఆమె చూపు మాత్రం ముడి మీద లేదు, ముడికీ ముడికీ మధ్యనున్న తెల్లటి గుడ్డ మీద ఉంది. మరక ఏ మేరకి ఒకసారి వస్తూ వచ్చిందో చుట్ట విప్పినప్పుడే ఆమె చేతికి పట్టుబడింది. ఆ లెక్కన, మరక ఇంకా నడిచి ఉంటే, అది రెక్క కొసకి దగ్గరగా, కొసనించి మూడో బద్ద పక్కన పడాలి. అక్కడ గుడ్డ మిగతా చోట్ల ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. ఆమె దాన్ని అరచేత్తో తడిమింది. నాలుగు వేళ్ళతో తడిమింది. వేళ్ళకి ఏమీ తెలియలేదు.

"ఒరే," అంది.

"ఊఁ."

"ఈసారి ఎక్కనని చెప్పకూడదూ?"

ఆ మైదానంలో రెండు ఆనవాయితీలు ఉన్నాయి. రెక్కకి కొత్త గుడ్డ కుట్టినప్పుడు, ఎగిరే ముందు కుట్టిన మనిషి వచ్చి అందరి ఎదటా బొటనవేలితో ఆ గుడ్డని నొక్కి చూపించాలి. అది ఒకటి. ఆ తరవాత మొదటిసారి పైకి లేచినప్పుడు, పనిచేసిన మనిషే వెనక సీట్లో కూర్చోవాలి. అది రెండోది. తన కుట్టు మీద తనే ఎగరాలంటే ఎవరూ ఒళ్ళు దాచుకోరని ఏ కాలంలోనో ఎవరో పెట్టిన పద్ధతి. ఆడవాళ్ళని ఎక్కించుకోకూడదని పైవాళ్ళ ఉత్తర్వు ఉంది కాబట్టి సూదక్క కుట్టినప్పుడల్లా తమ్ముడు ఎక్కుతున్నాడు. కుట్టేది ఆమె, కూర్చునేది అతను. ఇది న్యాయమా అని ఆమెని ఎవరూ అడగలేదు, అతన్నీ అడగలేదు.

"ఎక్కనంటే ఏమంటారో తెలుసుగా," అన్నాడు తమ్ముడు అటునించి. "తమ్ముడే నమ్మని కుట్టు మేమెందుకు నమ్మాలంటారు. నీ ఉద్యోగం, దాని వెనకే నాది, రెండూ చంకనాకిపోతాయి. పంపక్కా సూది."

ఆమె పంపింది. ముడి మీద ముడి వేసింది. మూడో బద్ద దగ్గర మాత్రం, అవసరం లేకపోయినా, దగ్గర దగ్గరగా నాలుగు కుట్లు ఎక్కువ వేసింది. గుడ్డ పుచ్చిపోయి ఉంటే ఎన్ని కుట్లు వేస్తే ఏం లాభమని వేస్తూనే అనుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మరదలు గుమ్మంలో బట్టలు మడతపెడుతూ ఉంది. క్వార్టర్లలో వాళ్ళది చివరి ఇల్లు. ముందు గది, వెనక వంటగది. ముందు గదిలో నేల మీద పాప బోర్లా పడుకుని సూదక్క చెప్పుని నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది.

"ఏం వదినా, మొహం అలా పీక్కుపోయింది? ఆ షెడ్డులో రంగు వాసనకేనా?"

"ఊఁ, వాసనకే."

"మీ తమ్ముడిదీ అదే కథ. రాత్రి కూర సయించలేదన్నాడు. నా వంట బాగోలేదని చెప్పడానికి ధైర్యం చాలక వాసన మీద తోసేస్తున్నాడేమో." ఆమె తన మాటకి తనే నవ్వింది. "అయినా నయం, ఆయన నేల మీద పని. ఆ సంచులు విసిరే సిపాయి పెళ్ళాన్ని చూస్తే నాకు జాలేస్తుంది. మోత వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి బయటికి పరిగెత్తుతుంది. అలా బతకడం నా వల్ల కాదమ్మా."

సూదక్క చెప్పు లాక్కుని పాపని ఎత్తుకుంది. తమ్ముడు వెనక సీట్లో ఎక్కుతాడన్న సంగతి ఆ ఇంట్లో ఆమెకీ అతనికీ తప్ప మూడోవాళ్ళకి తెలియదు. పెళ్ళయిన కొత్తలో చెప్పలేదు. తరవాత చెప్పడానికి మొహం చెల్లలేదు. వంటగదిలోంచి తమ్ముడు రొట్టె నములుతూ వచ్చి, పెళ్ళాం వెనక నిలబడి, అక్క వంక చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. సరదాగానే పెట్టుకున్నాడు. సూదక్క పాప మెడ వెనక మొహం దాచుకుంది.

ఆ రాత్రి ఆమె భోజనం దగ్గర కూర్చుంది గానీ ఏం తిన్నదో అడిగితే చెప్పలేకపోయేది.

రెండో రోజంతా డోపు పూశారు. డోపంటే గుడ్డని బిగించే జిగురు రంగు. మగ్గి కుళ్ళబోతున్న పండు వాసన వేస్తుంది. పూసి ఆరబెడితే, వదులుగా ఉన్న గుడ్డ కాసేపట్లో డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. వేలితో మీటితే డమ్మంటుంది. ఆ పని మేస్త్రీ ఇంకొకరికి వదలడు. వెడల్పాటి కుంచెతో ఒక పూత పూస్తాడు, గడప దగ్గరికి వెళ్ళి ఆకాశం వంక చూస్తాడు, వచ్చి వేలి వెనకవైపుతో తడి చూస్తాడు, ఇంకో పూత పూస్తాడు. మధ్యాహ్నం జల్లు పడింది. షెడ్డు తలుపులు మూసి, చెమ్మ తగలకుండా గోనెలు అడ్డం పెట్టారు. లోపల ఆ వాసనకి అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి.

సూదక్క బల్ల దగ్గర కూర్చుని చినుకుల చప్పుడు వింటోంది. ఆరకపోతే బాగుండును. ఆరకపోతే ఎల్లుండికి వాయిదా పడుతుంది. ఎల్లుండికి వాగు తగ్గుతుందేమో. తగ్గితే కొత్త చుట్ట వస్తుందేమో. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఉండగానే వాన వెలిసింది. ఎండ కాసింది. ఇంత ఎండ ఈ వారంలో ఎన్నడూ చూడలేదని మేస్త్రీ సంబరపడిపోయాడు.

చివరి పూత ఆరాక మేస్త్రీ రెక్కని మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట మీటి చూశాడు. డమ్, డమ్. తృప్తిగా తలాడించాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, రెక్క మొదట్లో, రెండు బద్దలు దగ్గరగా ఉన్నచోట చిన్న సున్నా చుట్టాడు. నొక్కి చూపించే చోటు అది. ప్రతిసారీ ఆయనే గీస్తాడు, ప్రతిసారీ అక్కడే గీస్తాడు.

"రేప్పొద్దున మామూలుగా వేలు ఆనించు," అన్నాడు, సుద్ద జేబులో వేసుకుంటూ. "ఆనించడం. పొడవడం కాదు. అర్థమైందా?"

"ఎప్పుడూ ఆనించడమే కదా మేస్త్రీగారూ."

"అందుకే చెబుతున్నా." ఆయన గొంతు తగ్గించాడు. "నాకూ నిద్ర పట్టడం లేదమ్మాయ్. నువ్వొక్కదానివే అనుకోకు. కానీ అవతల జ్వరాలతో ఉన్నవాళ్ళు మన గుడ్డ తెల్లగా ఉందా పచ్చగా ఉందా అని చూడరు. మందు వచ్చిందా లేదా అని చూస్తారు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది. తిట్టుకోవడానికైనా ఒక చెడ్డవాడు దొరికి ఉంటే ఇంత బరువు ఉండేది కాదు.

మూడో రోజు పొద్దున గాలి లేదు. గడ్డి మీద తడి మెరుస్తోంది. రెక్క బిగించిన చిన్నదాన్ని నలుగురు కలిసి షెడ్డులోంచి మైదానంలోకి తోశారు. పెద్దది ఎప్పటిలాగే బయట, తన చోటులో నిలబడి ఉంది. సంచుల సిపాయి మందుల సంచులూ ఉత్తరాల సంచులూ తెచ్చి చిన్నదాని పక్కన గడ్డి మీద పెట్టాడు. ముందు ఒక చుట్టు ఉత్తినే తిరిగి చూసి, దిగి, అతన్నీ సంచుల్నీ ఎక్కించుకుని కెప్టెన్ కొండ దాటాలి. అదీ ఏర్పాటు.

తమ్ముడు వెనక సీటు పట్టీలు సరిచూసుకుంటూ ఈల వేస్తున్నాడు. భయం వేసినప్పుడే అతను ఈల వేస్తాడని అక్కడ సూదక్కకి ఒక్కదానికే తెలుసు.

"రా అక్కా," అన్నాడు కెప్టెన్, చేతికి తొడుగు వేసుకుంటూ. "నీ ముద్ర వేసెయ్. వెళ్ళొస్తాం."

ఆమె రెక్క కిందికి వచ్చింది. ఎత్తు రెక్క కాబట్టి కింది గుడ్డ సరిగ్గా తల మీద, చేతికి అందేంత దూరంలో ఉంటుంది. చెయ్యెత్తింది. సుద్ద సున్నా మీద వేలు ఆనించింది. ఎప్పటిలాగే బిగువుగా, చల్లగా ఉంది. మేస్త్రీ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. ఇక చెయ్యి దించేయడమే తరువాయి.

ఆమె చెయ్యి దించలేదు. గుడ్డ మీదే వేలు ఆనించి, బద్దలు దాటుకుంటూ, రెక్క కొసవైపు నడిచింది.

"సూదక్కా," అన్నాడు మేస్త్రీ.

ఆమెకి వినపడింది. వినపడనట్టు నడిచింది. కొసనించి మూడో బద్ద దగ్గర ఆగింది. అక్కడా బిగువుగా, చల్లగానే ఉంది. మడమలెత్తింది. ఈసారి వేలు ఆనించలేదు. తలుపు తోసినట్టు, భుజం బలమంతా బొటనవేలి మీదికి తెచ్చి తోసింది.

కాసేపు ఏమీ కాలేదు. తరవాత ఫట్టుమంది. వేలు మొదలంటా లోపలికి పోయింది.

తమ్ముడి ఈల ఆగిపోయింది. ఆమె వేలు బయటికి తీసుకుంది. చుట్టూ గుడ్డ నాలుగు పెచ్చులుగా విరిగి లోపలికి ముడుచుకుంది.

"వేలు పెట్టమంటే పొడుస్తావా!" మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "రెండు రోజుల చాకిరీ! ఎవరు చెప్పారు నీకు అక్కడ నొక్కమని? పొడిస్తే ఏ గుడ్డైనా చిరుగుతుంది!"

"మంచి గుడ్డ చిరగదు మేస్త్రీగారూ," అంది ఆమె. చివరి మాట ఆమెకే వినపడలేదు.

కెప్టెన్ ఆ కన్నంలోకి తన చూపుడువేలు పెట్టి, అంచుని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పెంకులా పొడి రాలింది. అతను తొడుగు విప్పి జేబులో కుక్కుకున్నాడు. మేస్త్రీ వంక చూశాడు, సూదక్క వంక చూశాడు.

"సంచులు పెద్దదాన్లో పెట్టు," అన్నాడు సిపాయితో. "ఇవాళ కూడా అదే వెళ్తుంది."

తమ్ముడు వెనక సీట్లోంచి దిగాడు. నేల మీద కాళ్ళు ఆనగానే అతని మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. "నా నెత్తిన పాలు పోశావక్కా," అన్నాడు గుసగుసగా, నవ్వాపుకుంటూ. "మేస్త్రీ నిన్ను నాలుగు రోజులు తిడతాడు. తిట్టనీ."

ఆమె ఒళ్ళంతా తేలికైపోయింది. ఆకలి కూడా వేసింది. పెద్దదాని దగ్గర సిపాయి సంచులు ఎక్కిస్తున్నాడు. మేస్త్రీ మొహం మాడ్చుకుని అటు వెళుతూ, "ఎలాగూ వేలు దురదగా ఉంది కదా, దాన్నీ నొక్కు," అన్నాడు ఎత్తిపొడుపుగా. "నొక్కి చూడు, నీ కసి తీరుతుంది."

ఆమె వెళ్ళింది. పెద్దదాని రెక్క కిందికి దూరి చెయ్యెత్తి నొక్కింది, గట్టిగానే నొక్కింది. గుడ్డ లొంగలేదు. ఇంకోచోట నొక్కింది. లొంగలేదు. వేలు నొప్పెట్టింది.

"అయిందా?" అన్నాడు మేస్త్రీ. ఆయన కళ్ళలో కోపం తగ్గి నిశ్చింత కనిపించింది. "ఇది నేను దగ్గరుండి వేయించిన గుడ్డ. సార్, మీరు ఎక్కండి."

కెప్టెన్ ఎక్కాడు. సిపాయి వెనక సీట్లో, సంచుల మధ్య మోకాళ్ళు ముడుచుకుని సర్దుకున్నాడు. సూదక్క రెక్క కిందినించి ఇవతలికి వచ్చి, తలెత్తి చూసింది. కింద నిలబడ్డ మనిషికి రెక్క అంచు కనిపిస్తుంది, రెక్క కింద కనిపిస్తుంది. పైవైపు కనిపించదు. ఆ మైదానంలో గుడ్డని ఎవరు ఎప్పుడు నొక్కినా కిందినించే నొక్కారు. చెయ్యి అందేది అక్కడే కాబట్టి. షెడ్డులో ఒక్కదానికే చోటు. పోయిన ఎండాకాలం అంతా, అంతకు ముందు ఎండాకాలం కూడా, పెద్దది ఈ మైదానంలోనే, గుడ్డని పుచ్చబెట్టే ఎండలో నిలబడింది. ఎండ కిందినించి కాయదు.

ఆ ఆలోచన రావడంతోనే దాని వెనకే ఇంకోటి వచ్చింది: తమ్ముడు దిగిపోయాడుగా.

"ఏంటక్కా, అక్కడే నిలబడిపోయావు?" తమ్ముడు దగ్గరికి వచ్చాడు. ఆమె చూపు ఎటుందో చూశాడు. అతనికీ అర్థమైంది. పని తెలిసినవాడు, అర్థంకాకపోవడానికేముంది. నవ్వు పోయింది. "అక్కా, వద్దు," అన్నాడు మెల్లగా. "ఇక చాలు. ఒక్కరోజుకి ఒక కన్నం చాలు. అది నేనెక్కేది కాదుగా."

ఆమె తమ్ముడి మొహం వంక చూసింది. ఎత్తుకుని పెంచిన మొహం అది. దాంట్లో ఆమెకి అప్పుడు పరాయి మనిషి ఎవరో కనిపించాడు. మరుక్షణం తెలిసింది, పరాయివాడు కాదు. ఆ మాట అతని నోటికి రాకముందే తన మనసులో తిరుగుతోంది. అతను పైకి అన్నాడు, అంతే.

వెనక సీట్లో సిపాయి, మోత వినపడితే చేతిలో పని వదిలేసి పరిగెత్తే ఆ మనిషి మొగుడు, ముక్కు గోక్కుంటూ ఎటో చూస్తున్నాడు.

"స్టూలు తీసుకురా," అంది.

"అక్కా..."

"నువ్వు తేకపోతే నేనే తెచ్చుకుంటా."

ఆమే తెచ్చుకుంది. షెడ్డులోంచి ఎత్తు స్టూలు ఈడ్చుకుంటూ వస్తుంటే మేస్త్రీ చేతులు అడ్డం చాపి ఎదురొచ్చాడు. "నీకేమన్నా మతి పోయిందా? నిన్న సాయంత్రమే కొండ దాటి వచ్చిందది! మొన్నా వచ్చింది! గుడ్డ చెడితే వచ్చేదా?"

"వచ్చింది కాబట్టే నొక్కి చూస్తాను మేస్త్రీగారూ. బాగుంటే మీ కాళ్ళకి దణ్ణం పెట్టి పోతాను."

ఆయన చేతులు దించలేదు. ఆమె ఆయన చుట్టూ తిరిగి వెళ్ళింది. స్టూలు రెక్క పక్కన వేసి ఎక్కింది. ఒక కాలు పొట్టిది కాబోలు, స్టూలు ఊగింది. తమ్ముడు వచ్చి పట్టుకున్నాడు. పట్టుకున్నాడు గానీ తలెత్తి చూడలేదు.

పైనించి చూస్తే రెక్క విశాలంగా, దుమ్ముకొట్టుకుని ఉంది. రంగు వెలిసి, అక్కడక్కడ సన్నటి నెరలు కనిపిస్తున్నాయి. కింద కెప్టెన్ పక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏమైంది?" అన్నాడు. సూదక్క చెయ్యి చాపింది. నిలవాలి, ఇది నిలవాలి అనుకుంది. నిలిస్తే మందులు చేరతాయి, మేస్త్రీ నాలుగు మాటలు అంటాడు, అంతటితో పోతుంది. చిన్నదానికి తోసినట్టే తోద్దామని వేలు ఆనించింది. తోయనే లేదు. చెయ్యి బరువుకే వేలు దిగిపోయింది.

చప్పుడు కూడా రాలేదు.

ఆమె వేలు తియ్యలేదు. అలాగే ఉండిపోయింది. మేస్త్రీ ఆమె మొహం చూసి దగ్గరికి వచ్చాడు.

"దిగు," అన్నాడు.

ఆమె దిగింది. ఆ వయసులో ఆయన స్టూలు ఎక్కడానికి తమ్ముడి భుజం పట్టుకోవలసి వచ్చింది. ఎక్కి, కళ్ళజోడు సరిచేసుకుని, ఆ కన్నాన్ని చూశాడు. తరవాత దాని పక్కన తన బొటనవేలు పెట్టాడు. పోయింది. ఇంకో బద్ద దాటి పెట్టాడు. అక్కడా పోయింది. స్టూలు జరపమని చేత్తో సైగ చేశాడు. తమ్ముడు జరిపాడు. రెక్క మొదటినించి కొసవైపు, ఒక్కో బద్దా దాటుకుంటూ, ఆయన వేలు దించుకుంటూ పోయాడు. కెప్టెన్ దిగివచ్చి చూస్తూ నిలబడ్డాడు.

"చాలు మేస్త్రీ," అన్నాడు కాసేపటికి. "ఇక చాలు, దిగండి."

మేస్త్రీ వినిపించుకోలేదు. కొసదాకా వెళ్ళాకే ఆగాడు. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆ రెక్క మీద ఈ వారమంతా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మనుషుల్ని పంపాడు. పైనించి, కిందికి చూడకుండా, చెయ్యి చాపాడు.

"సూదక్కా, కత్తెర."

ఆమె అందించింది.

కెప్టెన్ కొండవైపు చూశాడు. ఎండెక్కుతోంది, కొండ మీద మబ్బు కదలడం లేదు. ఎగరడానికి అంత మంచి పొద్దు ఆ వారంలో రాలేదు. "మందులు నడిచి వెళ్ళాలి," అన్నాడు. "పై బాటలో వెళ్తే వాగుని మొదలు దగ్గర, సన్నగా ఉన్నచోట దాటొచ్చు. ఇద్దరు కావాలి."

సంచుల సిపాయి ఒక సంచి తీసి భుజాన వేసుకున్నాడు. రెండోది గడ్డి మీద ఉండిపోయింది. కెప్టెన్ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. స్టూలు పట్టుకుని ఉన్న తమ్ముడు తలెత్తి అక్క వంక చూశాడు. పొద్దున్నించి అదే మొదటిసారి తిన్నగా చూడడం. స్టూలు వదిలేసి వెళ్ళి, వంగి, ఆ సంచి ఎత్తుకున్నాడు.

వద్దురా అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. వాగు పొంగి ఉంది. పై బాటలో మట్టి జారుతోందని నిన్ననే ఎవరో అన్నారు. ఆమె నోరు తెరిచింది. సిపాయి పట్టీ బిగించుకుంటూ, తోడు వస్తున్నవాడి కోసం పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె నోరు మూసుకుంది.

"వస్తానక్కా," అన్నాడు తమ్ముడు.

"ఊఁ," అంది.

వాళ్ళు మైదానం దాటి, కంచె సందులోంచి బాట ఎక్కారు. సూదక్క స్టూలుకి ఊగే కాలివైపు నిలబడి, రెండు చేతులా దాన్ని గట్టిగా పట్టుకుంది. పైన మేస్త్రీ కత్తెర నడిపిస్తున్నాడు. పుచ్చిన గుడ్డ పీలికలు పీలికలుగా ఆమె తల మీదా భుజాల మీదా పడుతున్నాయి. దులుపుకోవాలంటే చెయ్యి వదలాలి. ఆమె వదల్లేదు.